నాన్న గిటార్ నా చేతికొచ్చింది: దాచాలా, వాయించాలా, ఎవరికివ్వాలి?

#1 తీగల_పెట్టె

అందరికీ నమస్కారం. ఏడాదిగా మీ మాటలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మా నాన్నకు 78 ఏళ్లు. యాభై ఏళ్లకు పైగా ఒకటే గిటార్ వాయించారు. రెండేళ్లుగా ఎడమచేతి వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగలు నొక్కి పట్టడం) పట్టలేకపోతున్నారు. పోయిన ఆదివారం కేస్ తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఇక నువ్వు చూసుకో" అని లోపలికి వెళ్లిపోయారు. ఇంకో మాట మాట్లాడలేదు.

గిటార్ మార్టిన్ కంపెనీది, డి-28 అనే మోడల్. శబ్దరంధ్రంలోంచి చూస్తే లోపల చెక్క మీద డి-28 అని, దాని కింద 21తో మొదలయ్యే ఆరంకెల నంబరు ఉంది. నాన్న కూడా దీన్ని కొత్తగా కొనలేదు. తనకు పాఠాలు చెప్పిన పెద్దాయన దగ్గర తీసుకున్నారట. పిక్‌గార్డ్ (గీతలు పడకుండా పై చెక్క మీద అంటించే ప్లాస్టిక్ పలక) అంచు వెంట పై చెక్క సన్నగా చీలింది. తీగలు బాగా పైకి లేచి ఉన్నాయి, ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దాటితే నొక్కడం నా వల్ల కావడం లేదు. పైపూత, అదే ల్యాకర్, అంతా సన్నని గీతలు. శబ్దరంధ్రం పైపక్కన ల్యాకర్ పోయి చెక్క బయటపడింది.

నాకు నాలుగైదు కార్డులకు మించి రావు. మా అమ్మాయికి 14 ఏళ్లు, రోజూ వాయిస్తుంది, కానీ ఎడమచేతి వాటం. వేరే దేశంలో ఉంటున్న మా తమ్ముడు "నేను తీసుకెళ్తాను, నాన్న గుర్తుగా ఉంటుంది" అంటున్నాడు.

పాలిష్ చేయించి కొత్తదానిలా చేయించాలా? అలాగే దాచాలా? ఎవరికివ్వాలి? నాలుగు రోజులుగా ఇదే టెన్షన్.

#2 మరమ్మతు_బల్ల

తీగల పెట్టె గారూ, ముందు ఈ పని చేయండి. ఆరు తీగలనూ ఒక స్వరం మేర వదులు చేయండి. పూర్తిగా తీసేయకండి. లైట్ గేజ్ (తక్కువ మందం) తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు ఆ పై చెక్క మీద దాదాపు 70 కిలోల లాగుడు ఉంటుంది. చీలిక ఉన్న చెక్క అంత బరువు మోయక్కర్లేదు.

పాలిష్ వద్దు. తడిగుడ్డ వద్దు. ఫర్నిచర్‌కి వాడే నూనెలు అసలే వద్దు. చీలికలోకి నూనె దిగితే తర్వాత జిగురు పట్టదు.

మీ గిటార్ వయసు తేల్చడం తేలిక. మార్టిన్ కంపెనీ నంబర్లు 1898 నుంచి వరుసగా నడుస్తున్నాయి. 1965 చివరి నంబరు 207030, 1966 చివరిది 217215. మొత్తం నంబరు చూసి పోల్చుకోండి. మీది 217215 లోపు ఉంటే 1966దే. అలాగైతే వెనక, పక్క చెక్కలు బ్రెజిల్ రోజ్‌వుడ్. 1969 దాకా డి-28కి అదే వాడారు, తర్వాత భారతీయ రోజ్‌వుడ్‌కి మారారు.

చీలిక గురించి భయపడకండి. ఆ రోజుల్లో పిక్‌గార్డ్‌ని ల్యాకర్ మీద కాకుండా నేరుగా పచ్చి చెక్క మీదే అతికించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ కుంచించుకుపోతుంది, చెక్కను తనతో లాగుతుంది, అంచున చెక్క చీలుతుంది. ఆ కాలపు మార్టిన్‌లలో ఈ చీలిక ఎన్నింటికో ఉంటుంది. పిక్‌గార్డ్ జాగ్రత్తగా తీసి, చీలిక అతికించి, లోపల చిన్న చెక్కముక్కలు ఆసరాగా పెట్టి, అడుగున ల్యాకర్ వేశాక పిక్‌గార్డ్ తిరిగి అంటిస్తారు. చేయి తిరిగినవాళ్లకు అలవాటైన పని.

తీగలు పైకి లేవడం వేరే సంగతి. పొడవాటి నిటారు స్కేలు ఒకటి ఫ్రెట్ల మీద ఆనించి బ్రిడ్జ్ (తీగల కింది కొసలు బిగించే చెక్క) వైపు జరపండి. స్కేలు కొస బ్రిడ్జ్ చెక్క పైఅంచుకు తగలాలి. కిందికి దిగి బ్రిడ్జ్ నడుముకు తగిలితే మెడ కోణం మారిపోయినట్టు. అప్పుడు నెక్ రీసెట్ కావాలి. అంటే మెడను ఆవిరితో ఊడదీసి, కీలు దగ్గర కొద్దిగా చెక్కి, సరైన కోణంలో మళ్లీ కూర్చోబెట్టడం. ఎవరైనా "రాడ్ తిప్పితే సరిపోతుంది" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. మార్టిన్‌కి తిప్పే ట్రస్ రాడ్ (మెడ వంపు సవరించే లోపలి కడ్డీ) 1985లో వచ్చింది. మీదాంట్లో ఉన్నది కదలని స్టీలు కడ్డీ.

ఇంకో మాట. బ్రిడ్జ్‌ని అరగదీసి తీగలు కిందికి దించుతామంటే ఒప్పుకోకండి. ఆ రోజుకి బాగానే అనిపిస్తుంది. తర్వాత నెక్ రీసెట్ చేసినప్పుడు పాత బ్రిడ్జ్ పనికిరాక కొత్తది వేయాల్సి వస్తుంది.

#3 ఎర్ర_బర్స్ట్

ల్యాకర్ గీతల గురించి నేను చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

మా మేనమామ తన ఎలక్ట్రిక్ గిటార్ నాకిచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. రంగు పెచ్చులూడి ఉంది. పైభాగంలో, మోచెయ్యి ఆనే చోట అరచెయ్యంత మేర చెక్క కనబడేది. "మామయ్య గిటార్‌ని మెరిపించి చూపిస్తాను" అనుకుని రంగు కరిగించే ద్రావకం తెచ్చి మొత్తం గీకేశాను. కొత్త రంగు వేశాను. నున్నగా మెరిసింది.

మామయ్య చూసి "బాగుందిరా" అన్నాడు. తర్వాత కుడిచేత్తో ఆ పైఅంచు తడిమాడు. అక్కడ ముప్ఫై ఏళ్లు ఆయన మోచెయ్యి ఆనింది. చెయ్యి అక్కడే కాసేపు ఆగి కిందికి వచ్చింది. అప్పుడు అర్థమైంది నాకు ఏం చెరిపేశానో.

పాత రంగు పోయిన గిటార్‌కి సేకరణకర్తల దగ్గర విలువ సగానికి పడిపోతుందని తర్వాత తెలిసింది. ఆ సంగతి నన్ను పెద్దగా బాధపెట్టలేదు. ఆ చెయ్యి ఆగిన చోటే ఇప్పటికీ బాధపెడుతుంది.

మీ గిటార్ మీద శబ్దరంధ్రం పక్కన బయటపడ్డ చెక్కను ఎవరినీ ముట్టనివ్వకండి, దయచేసి.

#4 నైలాన్_తీగ

ఎర్ర బర్స్ట్ తమ్ముడూ, ఆ వయసులో ప్రేమతో చేసిన పని అది. మీ మామయ్యకు ఆ సంగతి తెలిసే ఉంటుంది.

నాది క్లాసికల్ గిటార్, మా గురువుగారిది. ఆయన పోయాక వాళ్లబ్బాయి నాకిచ్చాడు. మధ్యలో రెండేళ్లు అది ఇంకో బంధువుల ఇంట్లో ఉంది. అక్కడ ఎవరో నైలాన్ తీగలు తీసేసి స్టీలు తీగలు బిగించారు. క్లాసికల్ గిటార్ పై చెక్కను, లోపలి బద్దలను నైలాన్ లాగుడుకు తగ్గట్టు పలచగా చేస్తారు. స్టీలు లాగుడు దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. నా దగ్గరికి వచ్చేసరికి బ్రిడ్జ్ వెనకంచు లేచిపోయి, పై చెక్క పొట్టలా ఉబ్బి ఉంది. అతికించారు, మళ్లీ వాయిస్తున్నాను. ఆ ఉబ్బు మాత్రం పూర్తిగా పోలేదు.

చెడగొట్టాలని ఎవరూ చేయలేదు. ఏ తీగలు వేయాలో కేస్‌లో ఒక చీటీ ఉండుంటే ఆగేది. గిటార్‌తో పాటు ఆ మాట కూడా చేతులు మారాలి. మీ నాన్నగారు ఉన్నారు, మాట్లాడగలరు. ముందు ఆయన దగ్గర కూర్చుని అడగండి. ఏ గేజ్ తీగలు, ఏ శ్రుతి, ఎప్పుడు ఏ మరమ్మతు, అన్నీ. గిటార్ నిపుణులకు ఇంకో నెల తర్వాతైనా చూపించవచ్చు.

#5 పాత_చెక్క

నైలాన్ తీగ గారు చెప్పినదానికి నేనొక కథ కలుపుతాను. ఇక్కడ చాలామందికి తెలిసిందే.

ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండ్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ వాయించిన 1959 లెస్ పాల్ ఎలక్ట్రిక్ గిటార్. మెడ వైపు పికప్‌లో (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) అయస్కాంతం తిరగబడి ఉంది. రెండు పికప్‌లూ కలిపి మోగిస్తే రెండింటి సంకేతాలు ఒకదానికొకటి ఎదురై ముక్కుతో పాడినట్టు ఒక బోలు స్వరం వస్తుంది. పుస్తకం ప్రకారం అది లోపమే. గ్రీన్ ఫ్లీట్‌వుడ్ మాక్ వదిలేశాక ఆ గిటార్‌ని తనకంటే చిన్నవాడైన గిటారిస్ట్ గ్యారీ మూర్‌కి అమ్మాడు. మూర్ దాన్ని ముప్ఫై ఏళ్లకు పైగా వాయించాడు. 1995లో గ్రీన్ పాటలతోనే ఒక ఆల్బమ్ చేశాడు, ఆ గిటార్‌తోనే. 2006లో అమ్మేశాడు. కొన్నాళ్లు సేకరణకర్తల చేతుల్లో ఉండి 2014లో మెటాలికా బ్యాండ్ గిటారిస్ట్ కిర్క్ హ్యామెట్ దగ్గరికి చేరింది. ఆయన దాన్ని స్టేజీ మీదకు తీసుకొస్తున్నాడు.

మూడు తరాలు, మూడు రకాల సంగీతం. ఇన్ని చేతులు మారినా ఆ అయస్కాంతాన్ని ఎవరూ "సరిచేయలేదు". చేసుంటే అది ఇంకో లెస్ పాల్ అయ్యేది, అంతే. అందుకే పాత గిటార్ చేతికొస్తే మొదటి ఏడాది ఏదీ మార్చొద్దంటాను. అది ఎందుకలా ఉందో తెలిసేదాకా ఆగాలి. చీలిక లాంటివి వేరు, అవి ఆగవు.

#6 తీగల_పెట్టె

అందరికీ ధన్యవాదాలు. తీగలు వదులు చేశాను. నంబరు సరిచూశాను, 1966దే. స్కేలు పెట్టి చూశాను, కొస బ్రిడ్జ్ సగం ఎత్తుకు కూడా రావడం లేదు. అంటే నెక్ రీసెట్ తప్పదేమో.

నైలాన్ తీగ గారూ, మీ మాట ప్రకారం రాత్రి నాన్న పక్కన కూర్చున్నాను. శబ్దరంధ్రం పక్కన చెక్క బయటపడిన చోటు చూపించి "ఇంతలా వాయించారా మీరు?" అన్నాను. "నేను కాదు" అన్నారు. అదంతా ఆయనకు పాఠాలు చెప్పిన పెద్దాయన గోళ్లట. పిక్ (తీగలు మీటే చిన్న పలక) వాడేవారు కాదట, ఊపు వస్తే గోళ్లతో చెక్క మీద దరువు వేసేవారట. నాన్న మెత్తటి పిక్‌తో వాయిస్తారు, పాడైతే పాడైంది పిక్ అంటారు. నేను ఇన్నేళ్లూ ఆ అరుగుడు నాన్నదే అనుకున్నాను!

తమ్ముడి సంగతి ఇంకా తేలలేదు. విమానంలో తీసుకెళ్తానంటున్నాడు. దాంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా?

#7 సరిహద్దు_స్వరం

ఉంది. తేలిగ్గా తీసుకోకండి.

అంతరించిపోతున్న జీవజాతుల వాణిజ్యాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి మొదటి అనుబంధంలో ఉంది. అత్యంత కఠినమైన జాబితా అది. 2017లో మిగతా రోజ్‌వుడ్ జాతులన్నీ రెండో అనుబంధంలోకి వచ్చాయి. 2019 నవంబరులో పూర్తయిన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు వార్త చదివి చాలామంది ఇప్పుడు రోజ్‌వుడ్ గిటార్‌కి ఏ కాగితమూ అక్కర్లేదనుకుంటున్నారు. అది బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి వర్తించదు.

మీది 1966ది, కాబట్టి చెక్క ఒప్పందానికి ముందుది. దానికి దారి ఉంది. కచేరీలకు వెళ్లి తిరిగొచ్చేవాళ్లకు వాయిద్య సర్టిఫికెట్ ఇస్తారు, మూడేళ్ల వరకు చెల్లుతుంది. కానీ దాంతో వెళ్లిన గిటార్ తిరిగి రావాలి, బయట అమ్మకూడదు. మీ తమ్ముడిలా శాశ్వతంగా తీసుకెళ్లాలంటే ఒప్పందానికి ముందుదని తేల్చే వేరే సర్టిఫికెట్ కావాలి. బయల్దేరే దేశంలోనూ, చేరే దేశంలోనూ నియమాలు అడిగి తెలుసుకోవాలి. గిటార్ వయసుకు రుజువు చూపాలి. నంబరు ఫొటో, కంపెనీ నంబర్ల పట్టిక, నాన్నగారి పాత ఫొటోల్లో గిటార్ కనబడితే అవి కూడా దాచండి. కాగితం లేకుండా పట్టుబడితే గిటార్‌ని జప్తు చేసుకోవచ్చు.

ఇంకా పాత గిటార్లున్నవాళ్లు తీగలు రెండు కొసల్లో ఆనే నట్, శాడిల్ ఏనుగు దంతమా, పిక్‌గార్డ్ నిజం తాబేలు చిప్పా అన్నది కూడా చూసుకోండి. వాటికీ ఇదే బాధ.

#8 ఎర్ర_బర్స్ట్

వయసు రుజువు అన్నారు కాబట్టి ఎలక్ట్రిక్ గిటార్లున్నవాళ్లకు చిన్న మాట. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్‌ల (నాబ్‌తో పాటు తిరిగే విద్యుత్ భాగాల) వెనక ఒక కోడ్ ఉంటుంది. 137తో మొదలైతే చేసిన కంపెనీ సీటీఎస్, 304 అయితే స్టాక్‌పోల్. తర్వాతి అంకెలు ఏడాది, వారం. 1376602 అంటే సీటీఎస్ వాళ్లు 1966 రెండో వారంలో చేసిన పాట్. గిటార్ అంతకంటే పాతది కాదని మాత్రమే దాని అర్థం, పాట్ తర్వాత మార్చి ఉండకపోతే. నేను రంగు గీకేసినా లోపలి పాట్‌లు, సోల్డర్ ముట్టుకోలేదు. మామయ్య గిటార్‌లో మిగిలిన పాత సంగతులు అవే.

#9 మౌన_తంతి

అందరూ కుటుంబంలో ఎవరికివ్వాలి అనే కోణంలోనే మాట్లాడుతున్నారు. నేను వేరే మాట అంటాను, కోపం తెచ్చుకోకండి.

వాయించేవాళ్లకు వెళ్లాలి గిటార్. రక్తసంబంధం తర్వాత. మీకు నాలుగు కార్డులు. మీ తమ్ముడు వాయిస్తాడా? రాయలేదు మీరు. గుర్తుగా గోడకు తగిలిస్తాడా? మీ అమ్మాయి ఎడమచేతి వాటం. మీ నాన్నగారికి కూడా ఆ గిటార్ తండ్రి నుంచి రాలేదు, గురువు నుంచి వచ్చింది. మరి మీరు కూడా నాన్నగారి శిష్యుల్లో ఎవరికైనా ఇవ్వొచ్చు కదా?

గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ గిటారిస్ట్ జెర్రీ గార్సియా 1995లో చనిపోయినప్పుడు ఆయన వీలునామాలో, డగ్ ఇర్విన్ చేసిన గిటార్లు తిరిగి ఇర్విన్‌కే చెందాలని ఉంది. చేసినవాడి చేతికే. నాకు ఎంతో నచ్చిన ఆలోచన. అయితే బ్యాండ్ వాళ్లు అవి బ్యాండ్ ఆస్తి అన్నారు, 2001 దాకా తగవు నడిచింది. చివరికి రాజీ కుదిరి వుల్ఫ్, టైగర్ అనే రెండు గిటార్లు ఇర్విన్‌కి వచ్చాయి. 2002లో వేలంలో అమ్ముడుపోయాయి. వీలునామాలో రాసినా ఇంత జరిగింది. మీరు నోటిమాటతో వదిలేస్తే మీ తరం దాటాక ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

#10 తీగల_పెట్టె

మౌన తంతి గారూ, కోపం లేదు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. తమ్ముడు వాయించడు, నిజమే. మా అమ్మాయి మాత్రం వాయిస్తుంది. ఎడమచేతి వాటం అన్నంత మాత్రాన తనను లెక్కలోంచి తీసేయడం నాకు నచ్చలేదు.

#11 కుడి_ఎడమైతే

నేనూ ఎడమచేతి వాటమే. ముప్ఫై ఏళ్లుగా వాయిస్తున్నాను. కాబట్టి ఈ ఒక్క విషయంలో గట్టిగా మాట్లాడతాను.

అమెరికా జానపద గాయని, గిటారిస్ట్ ఎలిజబెత్ కాటన్ గురించి మీ అమ్మాయికి చెప్పండి. చిన్నప్పుడు అన్న ఇంట్లో లేనప్పుడు అతని బాంజో తీసి వాయించేది. తను ఎడమచేతి వాటం, బాంజో కుడిచేతిది. తిప్పి పట్టుకుంది, తీగలు మార్చలేదు. గిటార్ కూడా అలాగే నేర్చుకుంది. బొటనవేలు మోగించాల్సిన మంద్ర తీగలను వేళ్లతో, వేళ్లు మోగించాల్సిన పై స్వరాలను బొటనవేలితో. తర్వాత ఎన్నో ఏళ్లు గిటార్ మానేసి, జానపద సంగీతకారులైన సీగర్ కుటుంబం ఇంట్లో పనిచేస్తూ అక్కడి గిటార్‌తో మళ్లీ మొదలుపెట్టింది. 1985లో, తొంభైల వయసులో గ్రామీ అందుకుంది. తలకిందులుగా పట్టుకుని వాయించే ఆ పద్ధతికి ఆమె పేరే పెట్టారు. బ్లూస్ గిటారిస్ట్ ఆల్బర్ట్ కింగ్ కూడా తీగలు మార్చకుండా తిప్పి వాయించినవాడే.

మీ అమ్మాయి ఇప్పటికే ఎడమచేతి గిటార్ మీద నేర్చుకుని ఉంటే అది మాన్పించకండి. ఈ గిటార్‌ని తన వీలుకోసం మార్చకండి కూడా. తనకు నచ్చినట్టు పట్టుకోనివ్వండి. కుడిచేతి గిటార్ పట్టినప్పుడు ఎడమచెయ్యి మెడ మీదుంటుంది, అది మనకు బలమైన చెయ్యి. కొంతమందికి అలాగే హాయిగా ఉంటుంది.

#12 మరమ్మతు_బల్ల

మార్చొద్దన్న మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ఎడమచేతికి మార్చడం అంటే తీగలు తిరగేయడం ఒక్కటే కాదు. నట్ కొత్తది కావాలి. శాడిల్ గాడి ఏటవాలుగా ఉంటుంది, దాన్ని పూడ్చి ఎదురు వాలుతో మళ్లీ తొలవాలి. లోపలి ఎక్స్ బ్రేసింగ్ (ఎక్స్ ఆకారంలో పెట్టే ఆసరా చెక్కలు) కింద ఉండే బద్దలు రెండు వైపులా ఒకేలా ఉండవు, మంద్ర తీగల వైపు ఒకలా, పై తీగల వైపు ఒకలా. అవి మారవు. పిక్‌గార్డ్ తప్పు వైపు మిగులుతుంది. 1966 చెక్కకు అంత శస్త్రచికిత్స చేయను నేను, డబ్బిచ్చినా.

#13 కొత్త_మెట్టు

నాకు 17 ఏళ్లు. మా ఇంట్లో ఎవరూ ఏ వాయిద్యమూ వాయించలేదు. మీరంతా ఇలా రాస్తుంటే కొంచెం అసూయగా ఉంది, నిజంగా చెప్తున్నాను.

కానీ నాకు క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే గిటార్ కథ చాలా ఇష్టం. 1963లో ఆయన, వాళ్ల నాన్న కలిసి దాన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. మెడకు పాత నిప్పుగూడు చుట్టూ ఉండే మహాగని చెక్క వాడారు. ట్రెమలోకి (కడ్డీతో స్వరాన్ని ఊగించే భాగం) మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు వేశారు, దాని కడ్డీ కొసకు వాళ్లమ్మ అల్లిక సూది మొన పెట్టారు. ఆయన దాన్ని వారసత్వంగా తీసుకోలేదు, నాన్నతో కలిసి చేశాడు. ఇప్పటికీ అదే వాయిస్తాడు. నేను కూడా మా నాన్నతో కలిసి ఒకటి చేద్దామనుకుంటున్నా. నాన్నకు చెక్క పని వచ్చు.

#14 నైలాన్_తీగ

తప్పకుండా చెయ్యి నాన్నా. చేస్తున్నప్పుడు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు. మొదటి గిటార్ మోగినా మోగకపోయినా దాచుకో.

#15 పాత_చెక్క

కాగితాల మాట ఎత్తారు కాబట్టి రెండు సంగతులు.

బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ బేస్ గిటార్ 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి దొంగతనమైంది. యాభై ఏళ్ల తర్వాత ఒక ఇంటి అటకమీద దొరికింది. ఆ కుటుంబానికి అది వారసత్వంగా వచ్చిన పాత గిటార్, అంతే. ఎవరిదో తెలియకుండానే అక్కడ ఉండిపోయింది. వెతుకుతున్నవాళ్ల ప్రకటనలు చూశాకే బయటపడింది. 2024లో అది తిరిగి ఆయన దగ్గరికి చేరిందని ప్రకటించారు.

రెండోది కెనడా గిటారిస్ట్ ర్యాండీ బాక్‌మన్ గ్రెచ్ గిటార్. 1976లో టొరంటో హోటల్లో పోయింది. ఇంటర్నెట్‌లో వెతికిన ఒక అభిమాని, దాని చెక్కలోని ముడి గుర్తును పాత ఫొటోలతో పోల్చి, జపాన్‌లో ఒక వాయిద్యకారుడి వీడియోలో పట్టుకున్నాడు. 2022 జులై 1న టోక్యోలో బాక్‌మన్ తీసుకున్నాడు. ఊరికే లాక్కోలేదు, అదే మోడల్ ఇంకో గిటార్ ఇచ్చి మార్చుకున్నాడు. ఇన్నాళ్లూ దాన్ని ప్రేమగా చూసుకున్నవాడికి అది గౌరవం.

కాబట్టి తీగల పెట్టె గారూ, చెక్క గీతలు స్పష్టంగా కనిపించేలా ముందు, వెనక, పక్కలు ఫొటోలు తీయండి. నంబరు తేలిగ్గా మార్చేస్తారు. చెక్కలోని గీతలను ఎవరూ మార్చలేరు.

#16 సరిహద్దు_స్వరం

వేలం వేయడమంటే కథ ముగిసినట్టు కాదని కూడా చెప్పాలి. ఐర్లండ్ గిటారిస్ట్ రోరీ గాలగర్ 1961 స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్‌ని 1963లో అక్కడి కార్క్ నగరంలో పాతదిగానే కొన్నాడు. వాయించి వాయించి రంగు చాలావరకు పోయింది. 1995లో ఆయన పోయాక తమ్ముడు దాదాపు ముప్ఫై ఏళ్లు చూసుకున్నాడు. 2024లో వేలానికి వచ్చినప్పుడు అభిమానులు బెంగపడ్డారు. కొన్నవాళ్లు దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేశారు. తమ్ముడు వాయించలేదు, కానీ కాపాడాడు. మౌన తంతి గారూ, కాపాడేవాళ్లకు కూడా చోటుంది.

#17 మౌన_తంతి

ఒప్పుకుంటున్నాను. వాయించేవాళ్లకు దొరికేదాకా కాపాడేవాళ్లు ఉండాలి. నేను ఆ మాట కఠినంగా రాశాను. తీగల పెట్టె గారూ, క్షమించండి.

#18 తీగల_పెట్టె

రెండు నెలల తర్వాత వస్తున్నాను. ఈ మాటలన్నీ నాన్నకు చదివి వినిపించాను, అందుకే అంతా చెప్పాలనిపించింది.

గిటార్ మరమ్మతు అయింది. చీలిక అతికించారు, పిక్‌గార్డ్ పాతదే, నెక్ రీసెట్ చేశారు. బయటపడ్డ చెక్కను ముట్టలేదు. తీసుకెళ్లినరోజే "ఇక్కడ వద్దు" అని కాగితం మీద రాసి అంటించాను.

తమ్ముడితో వీడియోలో మాట్లాడాం, నాన్న కూడా ఉన్నారు. సరిహద్దు స్వరం గారు చెప్పిన కాగితాల సంగతి చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "నాకు గిటార్ కాదు అన్నయ్యా, నాన్న వాయించింది వినాలని ఉంటుంది" అన్నాడు. ఇంట్లో పాత క్యాసెట్లు నాలుగున్నాయి, వాటిని డిజిటల్‌గా మార్పించి పంపాను. గిటార్ మా ఇంట్లోనే ఉంటుంది. మా అమ్మాయికి 18 వచ్చాక తనదని నాన్న చేతిరాతతో రాసి కేస్ జేబులో పెట్టారు. అదే కాగితంలో ఆ పెద్దాయన పేరు, ఆయన ఏ ఏడాది ఇచ్చారో, తీగల గేజ్, అరుగుడు ఎవరిదో అన్నీ ఉన్నాయి. కింద నా సంతకం, తమ్ముడిది కూడా.

ఇక అసలు సంగతి. గిటార్ వచ్చిన సాయంత్రం నాన్న ఒళ్లో పెట్టాం. కుడిచేత్తో మీటారు, ఎడమచెయ్యి మెడ మీదకు వెళ్లి ఆగిపోయింది. మా అమ్మాయి సోఫాలో ఆయన ఎడమవైపు కూర్చుని ఉంది. తన ఎడమచెయ్యి చాపి మెడ మీద జి కార్డు నొక్కింది. తను నేర్చుకున్నది దీనికి అద్దంలా తిరగబడి ఉంటుంది కదా, వేళ్లు వెతుక్కుంటూ పెట్టింది. నాన్న మీటారు. తర్వాత ఆయన "సి" అన్నారు, తను వెతుక్కుని పట్టింది. "డి" అన్నారు. అలా గంటసేపు. రెండు చేతులు ఇద్దరివి. మార్పులు ఆలస్యమవుతుంటే ఆయన దరువు ఆపకుండా ఖాళీ తీగల మీద కొడుతూ ఎదురుచూశారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇదే. నిన్న ఎఫ్ కార్డు దగ్గర ఆగిపోయారు.

#19 కుడి_ఎడమైతే

ఒకే వేలితో ఆరు తీగలూ నొక్కే ఎఫ్ మొత్తం బార్ వద్దు ఇప్పుడే. సన్నటి నాలుగు తీగల చిన్న ఎఫ్ నేర్పండి. చూపుడువేలు రెండు తీగల మీద పడుకోబెడితే చాలు. తాతయ్య గారిని లావు తీగలు రెండూ వదిలేసి మీటమనండి.

#20 మరమ్మతు_బల్ల

చాలా సంతోషం. గిటార్ రోజూ బయటే ఉంటోంది కాబట్టి గదిలో తేమ కొలిచే మీటర్ ఒకటి పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. 40 కిందికి దిగితే కొత్తగా అతికించిన చోటే మొదట తెరుచుకుంటుంది. రబ్బరు పూత ఉన్న స్టాండ్ వాడకండి, ఆ రబ్బరు పాత ల్యాకర్‌ని మెత్తబరిచి అంటుకుపోతుంది. రాత్రి కేస్‌లో పెట్టి మూత వేయండి. ఆరు నెలలకు ఒకసారి ఆ స్కేలు మళ్లీ పెట్టి చూసి ఇక్కడ రాయండి.